నాలుగు వేళ్ల గ్లౌజు

మా నాన్నది శుభలేఖల షాపు. మా టౌను మెయిన్ రోడ్డులో ఒక పక్క స్టీలు సామాన్ల కొట్టు, ఇంకో పక్క చెప్పుల కొట్టు, మధ్యలో మేము. బొమ్మల గురించి నాకు తెలిసిందంతా ఆ షాపులోనే తెలిసింది. అది చాలా కొంచెం. పెళ్లివారు వస్తారు, ముందు కార్డు చూస్తారు. వినాయకుడు నిండుగా ఉన్నాడా, పల్లకీ మెరుస్తోందా, అట్ట దళసరిగా ఉందా అని గోటితో గీకి మరీ చూస్తారు. అన్నీ కుదిరాక లేచి, "మ్యాటరు రేపు పంపిస్తాం" అంటారు. మ్యాటరంటే పెళ్లికొడుకు, పెళ్లికూతురు. ముందు బొమ్మ, తర్వాత మనుషులు. బొమ్మ కింద ఖాళీ వదిలి ఉంటుంది, అందులో ఎవరి పేర్లైనా పడతాయి.

ఈ పాండిత్యంతోనే నేను కెనడాలో గ్రాఫిక్ డిజైన్ చదవడానికి వచ్చాను. కన్సల్టెన్సీ అతను కంప్యూటర్లో జాబితా కిందికీ పైకీ జరిపి, "బిజినెస్ సీట్లు అయిపోయినయ్ బ్రదర్, ఇందులో ఉన్నాయి. బొమ్మలొచ్చా?" అన్నాడు. "మాది శుభలేఖల షాపండీ" అన్నాను. ఇద్దరికీ ఆ జవాబు సరిపోయింది.

కాలేజీ అంటే కాలేజీ కాదు. ఒక మాల్లో పరుపుల షాపు పైన నాలుగు గదులు. ప్రతి విమానంలోనూ మనవాళ్లే దిగుతున్న రోజులవి, క్లాసులో సగానికి పైగా మనవాళ్లే. పెన్సిలు చెక్కడం రానివాడు కూడా పరిచయాల్లో "బొమ్మలంటే నాకు చిన్నప్పట్నుంచీ పిచ్చి" అని చెప్పుకున్నాడు. నేనూ చెప్పాను. పాఠం చెప్పే ఆవిడ మాత్రం నిజంగానే నమ్మి చెప్పేది: బొమ్మ కథకి నగ కాదు, కథలో మాట చెప్పలేనిది బొమ్మ చెప్పాలి అని. మేము తలలూపేవాళ్లం. ఒంటరితనం మీద ఒక కథ ఇచ్చి బొమ్మ వేసుకు రమ్మంటే, ఇరవై ముగ్గురం కిటికీ దగ్గర కూర్చున్న ఆడమనిషిని తెచ్చాం. అందులో పదకొండు కిటికీలు ఒకే వెబ్‌సైటువి. ఆవిడ ఆ పదకొండూ గోడకి వరసగా అంటించి, కాఫీ తెచ్చుకోవడానికి వెళ్లింది. ఆ గోడ మీద నాది ఎడమ నుంచి నాలుగోది. నా కిటికీకి కర్టెను మార్చాను కాబట్టి నేను మిగతావాళ్ల కంటే నిజాయితీపరుణ్ణని అప్పట్లో అనుకునేవాణ్ణి.

ఉండేది కెనడాలోనే కేంబ్రిడ్జ్ అనే ఊళ్లో, ఒక బేస్‌మెంటులో ఐదుగురం. పైన ఇంటి ఓనర్లు. అంకుల్ ఐటీ, లోకంతో మాటల్లేవు. ఆంటీది కరీంనగర్ వైపు. కారు విడిభాగాలు చేసే ప్లాంటులో చాలా ఏళ్లుగా పని. ఆవిడ ఒకరోజు మెట్ల మీద నిలబడి, తను ఒక కథ రాశానని, మా ప్రాంతపు తెలుగు సంఘం ఉగాది సంచికలో వేస్తామన్నారని, దానికి బొమ్మ కావాలని చెప్పింది.

"ఒక్కటే బిడ్డా. అర పేజీ."

"బొమ్మంటే టైం పడుతుంది ఆంటీ. అసైన్‌మెంట్లున్నాయి."

"ఏం కావాలె నీకు?"

"శనివారం వాషింగ్ మెషిన్."

బేస్‌మెంటు వాళ్లకి మెషిన్ మంగళవారం ఒక్కరోజే. మంగళవారం మా అందరికీ షిఫ్టులు.

"శనివారం మా బట్టలుంటయి."

"అయితే ఆదివారం."

"పొద్దుగాల ఎనిమిది లోపల."

"పది."

"తొమ్మిది. డ్రైయర్ల మీ జీన్సులు వేసి పండుకోవద్దు."

నాకు మొదట్నుంచీ కావలసింది ఆదివారమే. వద్దనేదాన్ని ముందు చూపించు, కావలసింది వాళ్ల నోటితోనే వస్తుందని మా నాన్న గల్లాపెట్టె దగ్గర చెప్పే ఏకైక వేదాంతం. ఖరీదైన జరీ కార్డు ముందు బయటికి తీసేది అమ్మడానికి కాదు, పక్కన పెట్టించడానికి.

ఆ సంచికల గురించి ఒక మాట చెప్పాలి. మొదటి పది పేజీలు సందేశాలు. ప్రెసిడెంటు గారి ఫోటో సూటులో ఒకసారి, పంచెలో ఒకసారి, కుటుంబంతో ఒకసారి. తర్వాత ఇళ్లమ్మేవాళ్ల ప్రకటనలు రంగుల్లో. ప్రెసిడెంటు గారూ ఇళ్లమ్మేవారే కాబట్టి నాలుగోసారి కూడా అక్కడే కనిపిస్తారు. కథలూ కవితలూ వెనకాల నలుపు తెలుపులో, బియ్యం బస్తాలో అడుగున మిగిలిన నూకల్లా. ప్రతి కథకీ పైన ఒక బొమ్మ: ఎడ్లబండి, కుండ ఎత్తుకున్న పడుచు, పెంకుటిల్లు. మా పక్క ఊరు గ్వెల్ఫ్‌లో ఫ్యాక్టరీ లేఆఫ్ మీద రాసినా ఎడ్లబండే. పాత సంచికలు నాలుగు తిరగేసి నేను వెక్కిరింతగా నవ్వుకున్నాను. నవ్వుకుని, వెళ్లి నా పాత అసైన్‌మెంటులోని కిటికీ ఆడమనిషిని తెరిచి, చీర కట్టించి, చేతికి గోరింటాకు పెట్టి, బయట మంచు కురిపించాను. మొత్తం నలభై నిమిషాలు. కథ చదవలేదు. మ్యాటరుతో మనకేం పని?

ఆంటీ వంటింట్లో ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదెవరు?"

"మీ కథలో ఆవిడే ఆంటీ."

"నా కథల కిటికీ యాడుంది?"

"అది సింబాలిక్."

"గోరింటాకు?"

"ఫీల్ కోసం."

"చదివినవా నువ్వు?"

"చదివా."

"అయితే దాని వేళ్లు లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. ఒక చేతికి ఐదు, ఇంకో చేతికి ఐదు.

"ఒకటి ఎక్కువుంది" అంది ఆంటీ. కాగితాలు నా ముందు పడేసి, ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు వలవడం మొదలుపెట్టింది. చదివేదాకా కదలనిచ్చేలా లేదు.

నాలుగు పేజీల కథ. ప్లాంటులో రేకులు నొక్కే ప్రెస్సు మిషన్ మీద పని చేసే ఒక మనిషి, ఎడమ చేతి ఉంగరపు వేలు పోయాక మళ్లీ పనికి వస్తుంది. కంపెనీ ఇచ్చే గ్లౌజులకి ఐదేసి వేళ్లుంటాయి. ఖాళీ వేలు వేలాడుతూ ఉంటే మిషన్లో ఇరుక్కుంటుంది. అందుకని ఆమె ఆ వేలుని లోపలికి మడిచి, బస్తా మూతి కుట్టినట్టు పెద్ద పెద్ద కుట్లు వేసుకుంటుంది. పక్క మిషన్ మీది మనిషి అది రోజూ చూస్తుంది, ఏమీ అనదు. కథంతా అంతే. వేలు పోయిందని కూడా ఎక్కడా సూటిగా రాయలేదు. గ్లౌజు కుట్టుకోవడం మాత్రమే ఉంది.

"బాగుంది ఆంటీ" అన్నాను.

"బాగుండుడు కాదు. అది నిజంగ ఉన్న మనిషి. నాతోటి మిషన్ మీద ఉండె, కడపది. ఆరోజు ప్రెస్సు కాడ ఉండాల్సింది నేను. ఇండియాకెల్లి ఫోనొచ్చింది, ఒక్క పది నిమిషాలు నిలబడవే అన్న. ఆ పది నిమిషాలల్ల అయింది." చిక్కుడు ఈనె తీసి పక్కన పెట్టింది. "దవఖానకు పోయిన. పండ్లు తీస్కపోయిన. వండి పంపిన. నాదే తప్పు అని ఒక్కమాట మాత్రం అనలే. తర్వాత ఆళ్లాయనకు విండ్సర్ కార్ల ప్లాంటుల పని దొరికింది, పోయిన్రు. ఫోన్ చేస్తే ఎత్తదు. రెండేండ్లయింది."

"కథ చదివితే తెలుస్తుందని రాశారా?"

"అది చదవదు. కథలంటే దానికి చిరాకు. సంఘం పుస్తకమొస్తే ఎవరేం చీర కట్టిన్రని ఫోటోలు తిరగేస్తది, అంతే. బొమ్మ చూస్తది. బొమ్మ కాడ ఆగితే అప్పుడు చదువుతదేమో. అందుకే నిన్నడిగిన. నువ్వేమో గోరింటాకు పెట్టినవ్."

ఇక్కడ నా గుండె కరిగిందని రాస్తే బాగుంటుంది. నాకు అప్పుడు తోచింది వేరే: కస్టమరు సరుకు తిరగ్గొట్టింది, ఆదివారం చేజారుతోంది. మళ్లీ గీస్తాను గానీ మెషిన్ పదిగంటల దాకా కావాలన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు మా నాన్న చూసి ఉంటే గర్వపడి ఉండేవాడు కాదు. "సరే తీస్కో" అంది.

ఆవిడ తన పాత గ్లౌజుల జత తెచ్చి, ఎడమదాని ఉంగరపు వేలు లోపలికి మడిచి, అచ్చం అలాగే కుట్టి ఇచ్చింది. ఇంట్లో వేడిగాలి వచ్చే నేల జాలీ మీద ఆరేసినట్టు పెట్టి, మూడు సాయంత్రాలు గీశాను. కిటికీ దొంగిలించడానికి నలభై నిమిషాలు పట్టిన చేతికి గ్లౌజు మూడు రోజులు లొంగలేదు. మొదటిరోజు వేలు లేనిచోట ఖాళీ వదిలాను, అది కత్తిరించిన కాగితంలా ఉంది. రెండోరోజు గానీ కనపడలేదు, వేలు పోయినచోట బట్ట మిగిలిపోతుందని. మడిచిన దగ్గర ఉబ్బుతుంది, పక్క వేళ్లని తోసేస్తుంది. కుట్టు దగ్గర నీడ ముడుచుకుంటుంది. ఆంటీ నాలుగు పేజీల్లో చెప్పకుండా దాటేసింది ఆ ఉబ్బులో ఉంది. పరుపుల షాపు పైన టీచరు చెప్పిన పాఠం నాకు ఫీజు కట్టిన ఏడాదిన్నర తర్వాత, ఒక జాలీ పక్కన బోర్లా పడుకున్నప్పుడు ఎక్కింది.

అయినా బుద్ధి మారలేదు. కమిటీ ఒప్పుకోవాలి కదా. ప్రెసిడెంటు గారింట్లో మీటింగు, బేస్‌మెంటులో సినిమా హాలు మాదిరి కుర్చీలు. నేను ముందుగా ఒక బొమ్మ తెరమీద వేశాను: ప్రెస్సు, పక్కనే కట్టు కట్టిన చెయ్యి, కట్టు మీద నల్లటి మరక. వద్దనిపించుకోవడానికే గీసింది.

"ఏంటి తమ్ముడూ ఇది! ఉగాది పూట, శుభమా అని!" ప్రెసిడెంటు గారు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "స్పాన్సర్లు చూస్తారయ్యా. ఏదన్నా పాజిటివ్‌గా వెయ్యి."

"ఏం వెయ్యమంటారండీ?"

"మన సంస్కృతి ఉట్టిపడాలి. ఎడ్లబండి లాంటిది."

"కథ కెనడాలోదండీ."

"అయితే మంచు."

అప్పుడు గ్లౌజులు చూపించాను. జాలీ, దాని మీద ఆరుతున్న జత, మూలన తలుపు కింద కొంచెం మంచు. "ఆఁ! ఇదీ! వింటర్ ఫీల్ వచ్చింది" అన్నారాయన. మిగతావాళ్లు సమోసాలు తింటూ తలూపారు. కథ ఎవరూ చదవలేదు, గ్లౌజులో వేలు ఎవరూ లెక్కపెట్టలేదు. బస్సులో ఇంటికి వస్తూ ఆ మూర్ఖుల్ని తలుచుకుని నవ్వుకున్నాను. చూడరని తెలిసే అమ్మాను. ఇది ఫలానా మనిషి చెయ్యి, వేలు లేకపోవడమే బొమ్మ అని ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. గెలిచిన బేరంలో ఇంకా మాట్లాడేవాడు వ్యాపారి కాదని మా ఇంట్లో నమ్మకం.

ఉగాది ఫంక్షను ఒక హైస్కూలు హాల్లో. పొద్దున పదిగంటలకి అట్టపెట్టెలు దిగాయి. ప్రెసిడెంటు గారు పట్టు లాల్చీలో వచ్చి నా భుజం తట్టారు.

"తమ్ముడూ, నీ పరువు కాపాడాను. ప్రెస్సుకి పంపే ముందు నేనే ఒక్కో పేజీ చూశా. నీ బొమ్మలో గ్లౌజుకి ఒక వేలు మర్చిపోయావ్!"

నేను పెట్టెలోంచి ఒక కాపీ లాగాను.

"టెన్షన్ పడకు, మా పాప ఐప్యాడ్ మీద రెండు నిమిషాల్లో పెట్టేసింది. ఎవరికీ చెప్పన్లే."

పేజీ తెరిచాను. ఉంగరపు వేలు చక్కగా, నిండుగా, పక్క వేలికి కవలలా నిలబడి ఉంది. కుట్లు లేవు. నీడ లేదు. బజార్లో అమ్మే గ్లౌజుల జత. ఏళ్ల తరబడి ఆ సంచికలో దేన్నీ చూడని మనిషి, చూడక చూడక నా బొమ్మనే చూశాడు.

ఆంటీకి చూపించకుండా ఉండొచ్చా అని ఒక్క నిమిషం లెక్క వేసిన మాట నిజం. ఈలోగా ఆవిడే వచ్చి పెట్టెలోంచి ఒకటి తీసింది. పేజీ వెతికి చూసింది. గొంతు పెంచలేదు.

"వేలు మొలిచింది" అంది.

"ఆంటీ, నేను కాదు, ప్రెసిడెంటు గారు..."

"అది చూస్తే ఏమనుకుంటది? నీకు వేలు పోయిందన్న సంగతే నాకు యాదిలేదు అన్నట్టు ఉంటది." పుస్తకం మూసింది. "రాయకపోయినా బాగుండు."

విండ్సర్ కుటుంబాలకి వెళ్లే కాపీలు విడిగా ఒక పెట్టెలో ఉన్నాయి, ముప్పై ఐదు. అక్కడినించి వచ్చిన ఒక పెద్దాయన వాటిని పన్నెండింటికి కారులో తీసుకుపోతాడు. అందులో ఏ కాపీ ఆ కడప ఆవిడకి చేరుతుందో తెలియదు. అంటే ముప్పై ఐదూ దిద్దాలి. టైం పదకొండుంపావు.

రిజిస్ట్రేషన్ టేబుల్ మీద వైట్‌నర్ సీసా, నల్ల పెన్ను దొరికాయి. పెట్టెని స్టేజీ వెనకాల గదిలోకి ఈడ్చాను. పక్కన ఆడపిల్లలు గజ్జెలు కట్టుకుంటూ ఇంగ్లీషులో దెబ్బలాడుకుంటున్నారు. మొలిచిన వేలు మీద వైట్‌నర్ పూసి, ఆరాక పెన్నుతో మడత, కుట్లు.

"ఇంత మందంగ పూస్తరా? వేలు పోయినట్టు లేదు, పుండు లేచినట్టుంది" అంటూ ఆంటీ సీసా లాక్కుంది. ఆవిడ పూస్తోంటే నేను కుట్లు గీశాను. పదిహేడో కాపీ దగ్గర విండ్సర్ పెద్దాయన గది గుమ్మంలోకి వచ్చాడు.

"బాబూ, పుస్తకాలిస్తే బయల్దేరతా. మూడు గంటల డ్రైవ్."

నా జీవితంలో ఒక మంచిపనికి నా విద్య ఉపయోగపడింది అప్పుడే. పెన్ను ఆంటీకి ఇచ్చి, ఆయన్ని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయాను.

"అంకుల్, ముప్పై ఐదు కష్టమండీ. ఇరవై ఇస్తాను."

"అదేంటి! ముప్పై ఐదు కుటుంబాలు!"

"ఇక్కడ జనం ఎక్కువొచ్చారు. ఇరవై రెండు చేయండి."

"కుదరదు. లిస్టు ఉంది నా దగ్గర."

"లిస్టు చూద్దామండీ, అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉంటే ఒకటి చాలు కదా."

ఆయన లిస్టు తీశాడు. పేరు పేరునా వాదించాను. పులిహోర తినిపించాను. ఆయన ముప్పై దాకా వచ్చాడు, నేను ఇరవై ఏడు దగ్గర ఏడుపు ముఖం పెట్టాను. ఆయనకి ఒళ్లు మండి "మీ ప్రెసిడెంటుని పిలువు" అనేసరికి ఆంటీ పెట్టె పట్టుకుని వచ్చింది. చేతినిండా తెల్ల మరకలు. "ముప్పై ఐదు ఉన్నయి అన్నా, తీస్కపోండి" అంది. ఆయన నన్ను పురుగుని చూసినట్టు చూసి వెళ్లిపోయాడు.

మిగతా రెండు వందల చిల్లర కాపీలు ఐదు వేళ్లతోనే పంచారు. ఎవరికీ ఏ తేడా తెలియలేదు. ప్రెసిడెంటు గారు మైకులో ఆంటీ పేరు తప్పు చదివి, శాలువా కప్పారు.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం, తొమ్మిదిన్నరకి, మా బట్టలు డ్రైయర్లో ఉండగా ఆంటీ మెట్ల మీంచి అరిచింది. ఏదో కాలిపోయిందనుకుని పరిగెత్తాను.

"ఫోన్ చేసింది బిడ్డా! అదే, విండ్సర్‌ది!"

"ఏమన్నారు?"

"ఎత్తంగనే తిట్టింది. కుట్లు తొమ్మిది ఎందుకేసినవే, నేను వేసినవి ఆరే కదా, ఆ మాత్రం యాది లేదా అని." ఆవిడ ముక్కు చీదుకుంది. "దానికి పోయింది నువ్వు గీసిన కాపీయే. నీ వల్లనే మాట పడ్డ. నేను ఆరే కుట్టిచ్చిన గదా, తొమ్మిది ఎందుకు గీసినవ్?"

"అందంగా ఉంటుందని ఆంటీ."

"అందం! మా ఇద్దరికి గంటసేపు అదే లొల్లి."

క్షమాపణ చెప్పారా అని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ రోజు డ్రైయర్ పదకొండు దాకా వాడుకున్నా అడగలేదు.

ఆ వేసవిలో గ్వెల్ఫ్‌లో అట్టపెట్టెల మీద బొమ్మలు వేసే కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్లాను. ఫోల్డరులో నా పనులు వరసగా పెట్టుకుని వెళ్లాలి. గ్లౌజు పేజీ పెట్టాలని ముందే అనుకున్నాను, నేను గీసిన వాటిలో మనిషి ఉన్నది అదొక్కటే. వైట్‌నర్ పూసిన కాపీ ఒకటి నా దగ్గరుంది, ఆంటీ ఆరోజు తను తీసుకున్న కాపీకీ పూసి నాకిచ్చింది. దాని మీద మరక పగుళ్లు తేలి, పెన్ను సిరా కొంచెం పాకింది. పక్కన పెట్టి చూస్తే ఐదు వేళ్ల కాపీ నీట్‌గా ఉంది. అదే పెట్టాను. ఇంటర్వ్యూ చేసిన అతను ఆ పేజీ దగ్గర ఆగి, చేతులు గీయడం చాలా కష్టం, గ్లౌజులు ఇంకా కష్టం, బాగా కుదిరాయి అన్నాడు. థాంక్స్ చెప్పాను. ఉద్యోగం వచ్చింది.

ఆంటీ ఆ ఫోల్డరు చూపించమని రెండుసార్లు అడిగింది. ఆఫీసులో ఉండిపోయిందని చెప్పాను.